మూడో చప్పట

జూన్ 7, సోమవారం

షెడ్డు మధ్యలో నేల మీద పసుపు రంగుతో పెద్ద సున్నా గీశారు. రోజూ పొద్దున్నే పని మొదలయ్యే ముందు అందరం దాని చుట్టూ నిలబడాలట. దాన్ని హడిల్ అంటారట. గొర్రెల్ని దొడ్లోకి తోలడానికి ఇంత మంచి పేరు ఎవరూ పెట్టలేదు పాపం.

కొత్త మేనేజరు చొక్కా చేతులు మడుచుకుని సున్నా మధ్యలో నిలబడ్డాడు. "మనది అట్టపెట్టెల ఫ్యాక్టరీ కాదు ఫ్రెండ్స్, మనది ఒక జర్నీ" అన్నాడు. వాక్యానికోసారి అదే మాట. మధ్యాహ్నం అన్నాల వేళకి ఆయన పేరు జర్నీ సారు అయిపోయింది.

ఇక రూలు. ప్రాబ్లం అన్న మాట షెడ్డులో వినపడకూడదు. ఆపర్చునిటీ అనాలి. ఎవరు ఆపర్చునిటీ చెప్పినా మిగతావాళ్లు మూడు చప్పట్లు కొట్టాలి. తర్వాత దాన్ని కార్డు మీద రాసి బోర్డుకి నీలం అయస్కాంతం కింద తగిలిస్తారు. నెలాఖరున అన్నీ కలిపి చూస్తారు.

మొదట పేస్టింగ్ పిన్ని నోరు విప్పింది. "సార్, జిగురు కంపుకి కళ్లు తిరుగుతున్నాయి. కిటికీలు తీయించండి."

"అమ్మా, పాజిటివ్‌గా!"

పిన్ని మా వైపు బిత్తరగా చూసి, "జిగురు... ఆపర్చునిటీగా ఉంది సార్" అంది.

టప్ టప్ టప్. బహుమతి కొట్టినట్టు పిన్ని మొహం వెలిగిపోయింది. కిటికీలు మూసే ఉన్నాయి.

ఆ క్షణాన ఆ సారుగాడి పీక రెండు చేతులా పట్టుకుని నలిపెయ్యాలనిపించింది. పేవ్‌మెంటు మీద కొన్న అట్ట ఊడిన పుస్తకంలో చదివాను: దోచుకునేవాడు ముందు మన మాటని లాక్కుంటాడు, ఆ తర్వాతే మన కూడు. నూటికి నూరుపాళ్లు నిజం.

ఇంట్లో బావ భోజనం ముందు కూర్చుని, "ఏమోయ్, ఈ పూట కూరలో ఉప్పుకి చాలా ఆపర్చునిటీ ఉంది" అన్నాడు. అక్క గరిటె విసిరింది. బావ మూడు చప్పట్లు కొట్టాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను, అదే తప్పు. శత్రువు భాషకి నవ్వడమంటే దానికి పీట వెయ్యడమే.


జూన్ 8

ఆ భాషని తగలబెట్టాలి. పలికే నోటితో సహా.


జూన్ 10, గురువారం

మిషన్లకి ఫొటోలు అంటించారు. ప్రతి ఫొటో కింద "ఈ మిషన్‌కి నేనే ఓనర్". దీన్ని ఓనర్‌షిప్ అంటారట. బావ దగ్గర వేరే ఫొటో లేదు. పెళ్లి ఫొటోలోంచి అక్కని కత్తిరించి తనని మాత్రం ఇచ్చాడు. "నన్నెందుకు కోశారండీ" అని అక్క గొడవ. "ఓనర్ ఒక్కడే ఉండాలట" అన్నాడు బావ.

బావది పంచింగ్ మిషన్. దాన్ని అందరూ మొసలి అంటారు. నోరు తెరుస్తుంది, బావ అట్ట పెడతాడు, నోరు మూస్తుంది, లోపలి ఉక్కు బ్లేళ్లు అట్టని పెట్టె ఆకారంలో కోసి మడత గీతలు పెడతాయి, మళ్లీ తెరిస్తే బావ తీస్తాడు. పొద్దంతా దాని నోట్లో చెయ్యి పెట్టి తీయడమే పని. ఈ మధ్య దాని బ్రేకు జారుతోంది. పెడలు తొక్కకుండానే ఒక్కోసారి రెండోసారి కూడా నోరు మూస్తోంది. ఫిట్టరు ఉంటే అరపూటలో సరిచేసేవాడు. ఫిట్టర్ని పోయిన నెల తీసేశారు. తీసేశారు అనకూడదు, రైట్ సైజింగ్.

బావ హడిల్‌లో అడిగాడు. "సార్, ఓనర్ని కదా, నాకు తోచినప్పుడు మిషన్ ఆపుకోవచ్చా?"

"గ్రేట్ క్వశ్చన్! దాన్ని మనం ఆఫ్‌లైన్ తీసుకుందాం."

ఎక్కడికి తీసుకెళ్లాడో ఆ ప్రశ్నని. మళ్లీ కనపడలేదు.


జూన్ 11

ఇవాళ టేపుగాణ్ణి కొట్టాను.

పెట్టెలకి టేపు అంటించే కుర్రాడు, నాకంటే ఏడాది చిన్న. కట్టలు మొయ్యడానికి ఒక చెయ్యి వెయ్యరా అన్నాను. "నాకిప్పుడు బ్యాండ్‌విడ్త్ లేదన్నా" అన్నాడు. సారు కూడా లేడు అక్కడ. వినడానికి ఎవడూ లేనప్పుడు కూడా అదే వాగుడు! చెంప మీద ఒక్కటిచ్చాను. "ఏంటన్నా" అంటుంటే ముక్కు మీద ఇంకోటి. కుళాయి దగ్గర సిమెంటు తొట్టి అంచుకి వాడి తల తగిలింది. నెత్తురు నీళ్లలో కలిసి గులాబీ రంగుగా పారింది. పిన్ని వచ్చి నన్ను పట్టుకుని లాగేసింది. "కరపత్రం, నీకు పిచ్చెక్కిందిరా" అంది. షెడ్డులో నా పేరు కరపత్రం.

ఆ దెబ్బ వాడి మీద కొట్టింది కాదు. వాడి నోట్లో దూరిన భాష మీద కొట్టింది. ఈ తేడా వాడికి అర్థమయ్యే రోజు వస్తుంది.

పిడికిలి వాచింది. బావ పసుపు అద్దుతూ, "ఎవరి ఆపర్చునిటీ రా ఇది" అన్నాడు.


జూన్ 12, శనివారం

హడిల్‌లో బావ చెయ్యెత్తాడు. "సార్, మొసలి నిన్న మూడుసార్లు దానంతటదే మూసింది. చెయ్యి వెంట్రుకవాసిలో తప్పింది. పెద్ద ప్రాబ్లం..."

సారు నవ్వుతూ పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. స్కూల్లో చిన్నపిల్లల్ని అదిలించినట్టు.

బావ ఆగాడు. నా వైపు చూశాడు. తర్వాత, "ఆపర్చునిటీ సార్" అన్నాడు.

టప్ టప్ టప్. కార్డు. నీలం అయస్కాంతం. "నెలాఖరుకి టాప్ ప్రయారిటీ" అన్నాడు సారు. బావ వెళ్లి మొసలి ముందు నిలబడ్డాడు.

అందరూ కొట్టారు చప్పట్లు. అందరూ.


జూన్ 14

మొసలి బావ చెయ్యి తినేసింది.


అదే రోజు, సాయంత్రం

రాయాలి. రాయకపోతే పగిలిపోతాను.

చాక్లెట్ డబ్బాల ఆర్డరు నడుస్తోంది. బావ అట్ట తీస్తున్నాడు. అది మళ్లీ మూసింది. కేక వినపడలేదు, ముందు చప్పుడు వినపడింది, పచ్చికొమ్మ విరిగినట్టు. తర్వాత కేక. నోరు తెరుచుకునేసరికి కుడిచెయ్యి మణికట్టు దాకా అట్టకి అతుక్కుని ఉంది. డబ్బా మూత ఎక్కడ మడవాలో ఆ గీతలన్నీ బావ అరచేతి మీద పడ్డాయి. వేళ్లు కొన్ని కోసిన చోట కోసినట్టే ఉన్నాయి, చక్కగా, అంచులు చిరగకుండా. మిషన్‌కి అంటించిన పెళ్లికొడుకు మొహం మీద నెత్తురు చిమ్మి కిందికి జారింది.

నేను సారు మీదకి పరిగెత్తాను. కాలరు పట్టుకుని బోర్డుకేసి కొట్టాను. అయస్కాంతాలు రాలాయి. "ఆపర్చునిటీయా, ఇదేనా నీ ఆపర్చునిటీ" అని అరిచాను, గుద్దాను, పెదవి చిట్లింది. ఎవరో వెనక నుంచి నన్ను కింద పడేసి మీద కూర్చున్నారు. లేచేసరికి బావ లేడు, సారు లేడు, నేల మీద నెత్తురు చారలా తలుపు దాకా ఉంది.

ఆసుపత్రి దగ్గర సారు కనిపించాడు. చొక్కా ఛాతీ అంతా నెత్తురే. ఎలా అంటిందో నేను చూడలేదు.

చెయ్యి మణికట్టు దగ్గర తీసేశారు.


జూన్ 15

హడిల్ జరిగింది! పిన్ని చెప్పింది. "నిన్నటిది మనందరికీ ఒక లెర్నింగ్" అన్నాడట. చప్పట్లు కొట్టారట. బయటినుంచి ఒక ఫిట్టరు వచ్చి బ్రేకు మార్చి వెళ్లాడట. చొక్కా జేబులో పట్టే సామాను. టీ చల్లారేలోపు అయిపోయిందట పని.

నన్ను రావద్దన్నారు. తీసేశారో లేదో చెప్పలేదు. "నీ రోల్‌ని రీవిజిట్ చేస్తున్నాం" అన్నారు.

శనివారం నేను చప్పట్లు కొట్టలేదు. కొట్టినట్టు చేతులు కలిపానంతే.


జూన్ 19, శనివారం

ఆసుపత్రి. బావకి అక్క అన్నం కలిపి ముద్దలు పెడుతోంది. నేను మంచం కాళ్ల దగ్గర నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. ఇది ఒక్క చెయ్యి కాదు, మొత్తం శ్రామిక వర్గం చెయ్యి, ఈ నెత్తురు వృథా కాకూడదు, దీన్ని ఆయుధంగా మలచాలి. పక్క మంచాలవాళ్లు కూడా వింటున్నారు. బాగా మాట్లాడుతున్నానని నాకే తెలుస్తోంది.

అక్క ముద్ద కంచంలో పెట్టేసింది.

"పొద్దున మీ సారు వచ్చాడు. అక్కడే నిలబడ్డాడు, నువ్వు నిలబడ్డ చోటే. జర్నీ అన్నాడు, స్ట్రెంత్ అన్నాడు, ఇంకేదో అన్నాడు. ఇప్పుడు నువ్వొచ్చావు. పోరాటం అంటున్నావు, ఆయుధం అంటున్నావు. ఈయనకి లేని వేళ్లు దురద పెడుతున్నాయటరా. నిన్నటినుంచి ఒకటే దురద. గోకుదామంటే చెయ్యి లేదు. మీ ఇద్దర్లో ఒక్కడైనా అడిగాడా, ఎలా ఉంది అని?"

"అక్కా, నన్ను వాడితో పోలుస్తున్నావా?"

"పోల్చడమేంటి, చొక్కా ఒకటే తేడా."

ఆడవాళ్లు ఆవేశంలో చారిత్రక దృష్టి కోల్పోతారు. అర్థం చేసుకోవాలి. మెట్ల మీద గోడని గుద్దాను. పాత వాపు మీదే తగిలింది.


జూలై 3

బావ ఇంటికొచ్చి వారం. ఇవాళ తెలిసింది అసలు సంగతి.

పన్నెండో తేదీన పెద్ద కొనుగోలుదార్లు ఫ్యాక్టరీ చూడటానికి వస్తున్నారు. వాళ్ల ముందు బావ హడిల్‌లో నిలబడి తన కథ చెప్పాలట. చెబితే గేటు దగ్గర కుర్చీ ఉద్యోగం. గేటు తెరవడం, మూయడం. ఎడమచెయ్యి చాలు.

బావ కాగితం చూసి బట్టీ పడుతున్నాడు, నేను వాకిట్లో వింటున్నాను. "నా జర్నీలో ఒక టర్నింగ్ పాయింట్ వచ్చింది..." అని మొదలు. చెయ్యి పోయింది అనకూడదట.

వెళ్లి కాగితం లాక్కుని చింపేశాను.

బావ తొణకలేదు. "ఇంకోటిచ్చారులే" అన్నాడు.

"సిగ్గు లేదా బావా? నీ నెత్తురు తాగినవాడి పాట నువ్వే పాడతావా?"

"ఒరేయ్ కరపత్రం, చెయ్యి ఎలాగూ పోయింది. నోరుంది. ఆ నోటిని వాడికి పావుగంట అద్దెకిస్తే జీవితాంతం గేటు దగ్గర కూర్చోనిస్తాడు. మీ అక్క తింటుంది. నువ్వూ తింటావు, అది మర్చిపోకు. నీ పుస్తకాలేమన్నా అన్నం పెడతాయా?"

"వాడు హంతకుడు."

"వాడు వెధవ. హంతకుడు వేరు, వెధవ వేరు. ఆ రోజు నన్నెత్తుకుని కారు దాకా పరిగెత్తింది ఎవరనుకున్నావు? దారంతా నా చెయ్యి పైకెత్తి పట్టుకుని ఏడుస్తూనే ఉన్నాడు. నువ్వప్పుడు ఎవరి కిందో పడి తిడుతున్నావు."

ఈ వివరానికి రాజకీయంగా ఏ ప్రాధాన్యమూ లేదు. రాయాల్సింది కూడా కాదు.


జూలై 5

బానిసకి సంకెళ్లు బరువనిపించవు. నగలనుకుంటాడు.


జూలై 11, ఆదివారం

మొసలికి బ్లేళ్ల చట్రం బిగించే పానా నా దగ్గరుంది. ప్రమాదం రోజు నా సంచిలో ఉండిపోయింది. మూరెడు పొడుగు, చేతికి చల్లగా, బరువుగా ఉంటుంది. మంచం మీద దిండుని కొట్టి చూశాను. దిండు చిరిగి దూది ఇల్లంతా ఎగిరింది. అక్క అడిగితే పిల్లి అన్నాను. మా ఇంట్లో పిల్లి లేదు.

రేపు సారు తల పగులుతుంది. ఇది పగ కాదు. పగ వ్యక్తిగతం. ఇది ఒక భాషకి శిక్ష. ఆ బుర్ర పగిలితే అందులోంచి జర్నీలూ లెర్నింగులూ నేల మీద పడి అందరికీ కనపడతాయి, ఖాళీవని తెలుస్తుంది. పిన్ని నోటికి పిన్ని మాట తిరిగొస్తుంది. జనం మేల్కొంటారు. ఒంటిచేత్తో చప్పట్లు మోగవంటారు కానీ, ఒక్క దెబ్బ మోగితే చాలు.

ఆఖరి వాక్యం బాగా వచ్చింది.


జూలై 12

రేపు రాస్తాను.


జూలై 13, మంగళవారం

వెనక గేటునుంచి లోపలికి వెళ్లాను. సున్నా చుట్టూ అందరూ, వాళ్ల వెనక కొత్త బూట్లవాళ్లు. మధ్యలో బావ, ఇస్త్రీ చొక్కా, కుడిచేతి కట్టు మీద తెల్లటి కొత్త గుడ్డ. సారు బావ భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

బావ తప్పు లేకుండా చెప్పాడు. టర్నింగ్ పాయింట్ అన్నాడు, ఓనర్‌షిప్ అన్నాడు. "చెయ్యి లేకపోయినా నేను ఓనర్నే" అని ముగించాడు. చప్పట్లు మొదలయ్యాయి. నేను టేపుగాణ్ణి తోసుకుని సున్నాలోకి దూకాను. పానా ఎత్తి సారు నెత్తికి గురి చూసి కొట్టాను.

బావ కాలు జారి అడ్డం పడ్డాడు.

పానా బావ ఎడమ మణికట్టు మీద పడింది. పోరాటంలో ఇలాంటి ప్రమాదాలు జరుగుతాయి. ప్రతి ఉద్యమమూ మూల్యం చెల్లిస్తుంది. ప్రతి ఉద్యమమూ


జూలై 15

బావ కాలు జారలేదు.

నన్ను చూశాడు. నేను దూకకముందే చూశాడు. సారుని పక్కకి నెట్టి, ఉన్న ఒక్క చెయ్యినీ పానాకి ఎదురెత్తాడు. నేను ఆపగలిగేవాణ్ణి. చెయ్యి కనపడింది నాకు. బావ చెయ్యి అని తెలిసింది కూడా. ఆపలేదు. వేగం బాగా వచ్చింది, ఆపబుద్ధి కాలేదు.

అదే చప్పుడు. పచ్చికొమ్మ విరిగినట్టు. ఎముక తోలు చీల్చుకుని బయటికొచ్చింది, తెల్లగా. బావ మోకాళ్ల మీద కూలిపోయాడు. పానా నా చేతిలోనే ఉంది. ఇంకోసారి ఎత్తాను, ఎవరి మీదకో నాకే తెలీదు. అప్పుడు టేపుగాడు వచ్చి నా మొహం మీద తలతో గుద్దాడు. రెండు పళ్లు ఊడాయి. వాడు ఇంకా గుద్దుతూనే ఉన్నాడు, పసుపు గీత మీద పడేసి, పాత బాకీ అంతా. తిట్టు ఒక్కటి కూడా ఆ భాషలో లేదు. మంచి అచ్చమైన బూతులు.

ఒకటి రాయలేదు. నేను దూకేటప్పటికి రెండు చప్పట్లే అయ్యాయి. పానా దిగింది, ఎముక విరిగింది, బావ కేక పెట్టాడు. ఆ తర్వాత మూడో చప్పట మోగింది. అందరిదీ. ఆపలేకపోయారు. చేతులకి అలవాటైపోయింది.


జూలై 16

అక్క నాతో మాట్లాడటం లేదు. కంచం మాత్రం ముందు పెడుతుంది. కింద పెడితే చప్పుడవుతుందని మెల్లిగా పెడుతుంది.


జూలై 20, మంగళవారం

పిన్ని వచ్చింది. పోలీసు కేసు పెట్టడం లేదట. కొనేవాళ్ల ముందు పరువు. సారు తలకి ఏమీ కాలేదు, కానీ ఇప్పుడు ఎవరు వెనకనుంచి వచ్చినా ఎగిరిపడుతున్నాడట.

"బోర్డు మీద నీ గురించి కార్డు కూడా పెట్టారురా" అంది. "ఎమోషనల్ ఆపర్చునిటీ అట. నీలం అయస్కాంతం కింద."

నవ్వొచ్చింది. ఊడిన పళ్ల సందులోంచి ఈల వచ్చింది. పిన్ని కూడా నవ్వబోయి ఆగింది.

"మరి బావ గేటు ఉద్యోగం?"

"గేటు తెరవడానికి చెయ్యుండాలి కదరా."

బావ ఎడమ మణికట్టుకి లోపల ఇనుప పలక వేశారు. నయమైనా వేళ్లు పూర్తిగా మూసుకోవన్నారు డాక్టరు.

"మరేం చేస్తారు?"

"మీ అక్క నాతో వస్తానంది. జిగురు దగ్గర ఒక మనిషి కావాలి. సోమవారంనుంచి."

పిన్ని వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. "నేను కిటికీల గురించి ఒక్కసారి సరిగ్గా అడిగుంటే బాగుండేదిరా. కిటికీ అని. మామూలుగా" అంది.


జూలై 22

నా పుస్తకాలన్నీ పొయ్యిలో పెడదామనుకున్నాను. పెట్టలేదు. కట్టకట్టి అటక మీద వేశాను. తగలబెట్టడమంటే నాకు ఎంత ఇష్టమో ఇప్పుడు తెలుస్తోంది.


జూలై 26, సోమవారం

అక్క పనికి వెళ్లింది. వెళ్లే ముందు ఇదిగో కంచం, ఇదిగో మందులు, ఇదిగో తువ్వాలు అని గోడతో చెప్పినట్టు చెప్పింది. నేను విన్నాను.

బావకి మొహం కడిగాను. గడ్డం గీశాను. రెండు చోట్ల తెగింది. "నీ చేతికి నెత్తురు చూడకపోతే నిద్రపట్టదు కదరా" అన్నాడు. ముద్దలు పెట్టాను. పెద్దవి పెడుతున్నానని తిట్టాడు. చిన్నవి పెట్టాను, పక్షికి పెడుతున్నావా అని తిట్టాడు.

"ఎందుకు అడ్డం పెట్టావు బావా?" అని అడిగాను. పది రోజులుగా ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది.

"వాడి తల పగిలితే నువ్వు లోపలికి పోతావు. మీ అక్కకి నేనొక అవిటివాణ్ణి, తమ్ముడు ఖైదీ. లెక్క చూసుకుంటే చెయ్యి తేలిక" అన్నాడు. మళ్లీ తనే, "లెక్క తప్పింది. ఇంత గట్టిగా కొడతావనుకోలేదు" అన్నాడు.

నేను ఏదో చెప్పబోయాను. నోట్లోకి వచ్చిన మొదటి మాట త్యాగం. మింగేశాను. రెండోది కూడా అలాంటిదే. అదీ మింగేశాను.

బావ కళ్లు మూసుకుని పళ్లు బిగించాడు. కుడిభుజం మెల్లిగా కదులుతోంది.

"బావా, దురద పెడుతోందా?"

కళ్లు తెరిచి నా వైపు చూశాడు.

"ఆ."

"ఏ వేలు?"

"చూపుడు వేలు. గోరు పక్కన."

కుడిచేతి కట్టు ఎక్కడ అయిపోయిందో చూశాను. అక్కడినుంచి అరచెయ్యి ఎంత పొడుగుండేదో, వేలు ఎక్కడిదాకా వచ్చేదో గుర్తు తెచ్చుకున్నాను. అక్కడ, ఖాళీ దుప్పటి మీద, గోటితో మెల్లిగా గోకాను.

"ఇంకొంచెం ఇవతలికి" అన్నాడు బావ.

జరిపాను.

"ఆఁ. అక్కడ. ఆపకు."